పద్నాలుగు సెకన్లు

చిట్యాల హైవే చౌరస్తాలో మనుషులు దాటడానికి పచ్చలైటు పద్నాలుగు సెకన్లే వెలుగుతుంది. ఆ సోమవారం పొద్దున అది ఆరిపోయేసరికి మా సాలమ్మ ఇంకా నడిరోడ్డు మీదే ఉంది. మర్రిగూడలో ఫ్లోరైడు నీళ్లు తాగి పెరిగిన మనిషి. రాష్ట్రం వచ్చాక నల్లా నీళ్లొచ్చాయి గాని, బిగుసుకుపోయిన మోకాళ్లు వంగలేదు. ఆమెను లాగుదామని వెనక్కి ఉరికిన పుష్పమ్మను లారీ గుద్దింది. అక్కడికక్కడే ప్రాణం పోయింది. ఇద్దరూ నాతోపాటు జిన్నింగు మిల్లులో పత్తి ఏరే కూలీలు.

పోలీసులు ఏం రాశారో తెలుసా తమ్ముళ్లారా? ఎర్రలైటు పడ్డాక పుష్పమ్మే రోడ్డు మీదికొచ్చిందట, తప్పు ఆమెదేనట! థూ!

మూడో రోజు మిల్లు గేటు దగ్గర అందరం కూడాం. సాలమ్మ ఎవరి మొహమూ చూడలేదు.

"నా కాళ్లే దాన్ని పొట్టన పెట్టుకున్నయ్. రేపటి సంది నేను పనికి రాను."

"రాకుంటే ఏం తింటవ్ అవ్వా?" అన్నాను.

"రాకుంటేనే నయం సకీనా. మనకూ ఫికరుండదు," అని గొణిగాడు హమాలీ గాలయ్య.

నాకు ఒళ్లు మండింది. "రేపు బస్తా పడి నీ కాలిరిగితే నువ్వూ మానేస్తవా? గా లైటు ఎవల కాళ్లు చూసి పెట్టిన్రు?"

గాలయ్య తలగుడ్డ దులిపి మా వెంట కదిలాడు. అందరం కలిసి సిగ్నళ్ల ఇంజినీరు దగ్గరికి పోయి పచ్చలైటు సెకన్లు పెంచమన్నాం.

"రూలు ప్రకారమే పెట్టినం. పెంచితే బండ్లు ఆగుతయ్. మీ ముసలామెను జర ఉరుకుమనున్రి," అన్నాడు.

బండ్లు ఆగకూడదు. మేం చావొచ్చు! ఇటు ఇళ్లు, అటు మిల్లు. ఆ రోడ్డు దాటకుండా మాకు బువ్వ లేదు.

మర్నాడు పొద్దున సాలమ్మను ఇంటినుంచి పిలుచుకొచ్చి నలభై మందిమి ఆమె వెనక నిలబడ్డాం. ఆమెను దాటి ఎవరూ అడుగు వేయకూడదని మాట. పచ్చలైటు పడింది, నడిచాం. ఎర్రలైటు పడింది, అట్లాగే నడిచాం. హారన్లు చెవులు పగలగొట్టాయి. పుష్పమ్మ పడిన చోట గాలయ్య రెండు చేతులూ చాపి ఒక లారీకి ఎదురుగా నిలబడ్డాడు. అవతలికి చేరడానికి ముప్పై ఎనిమిది సెకన్లు పట్టింది. మళ్లీ వెనక్కి తిరిగాం.

నాలుగోసారికి ఎస్సై వ్యాను తెచ్చాడు.

"ఎక్కున్రి! జల్ది!"

సాలమ్మ మెట్టు మీద ఒక కాలు పెట్టి, రెండో కాలును చేతులతో ఎత్తుకుంటూ అంది: "జల్ది నాతోని కాదు సారూ. నేనెక్కేదాక ఆగు."

ఆయన ఆగాడు. ఆయన వెనక హైవే అంతా ఆగింది.

వ్యాను కిటికీలోంచి చూశాను. రాత్రి షిఫ్టు దిగినవాళ్లు అవతల వరసగా నిలబడి ఉన్నారు. పచ్చలైటు పడింది. వాళ్లు నడవసాగారు, మెల్లగా, సాలమ్మ నడిచినంత మెల్లగా.