దిగుడులో న్యూట్రల్

దిగుడులో బండిని న్యూట్రల్‌లో వదిలేస్తే డీజిల్ నిజంగా మిగులుతుందా, లేక మిగిలినట్టు మనసుకు అనిపిస్తుందా అన్న అనుమానం బలరాంకు స్టీరింగ్ పట్టిన నాటి నుంచీ ఉంది. పదహారేళ్లలో ఎవరినీ అడగలేదు. అడిగితే పని రానివాడనుకుంటారని భయం.

మే నెల ఎండలో, జనగామలోని చందూలాల్ మెకానిక్ షెడ్డు రేకుల కింద అతను పొద్దుటి నుంచీ కూర్చున్నాడు. కడుపులో టీ నీళ్లు తప్ప ఏమీ లేవు. క్లచ్ పోయిన తన బండి రేపటికి గాని లేవదు. అప్పుడు మోగింది ఫోన్. మహబూబాబాద్ నుంచి భాస్కర్ సేటు వాయిస్ మెసేజ్. సేటుకు ఆరు కిరాయి కార్లు, ఆరుగురు డ్రైవర్లు. ఎవరి బండి లీటరుకు ఎన్ని కిలోమీటర్లు ఇచ్చిందో నెలాఖరున డ్రైవర్ల వాట్సాప్ గ్రూపులో చదివి వినిపిస్తాడు.

"గణేశ్ ఇరవై ఒకటి. బలరాం పదహారున్నర. ఏంది బలరాం, డీజిల్ తాగుతున్నవా? పోరన్ని చూసి నేర్చుకో జర. ఒకటో తారీఖు కొబ్బరికాయ మల్ల గణేశ్‌దే."

జీతం పద్నాలుగు వేలు. యావరేజ్ తగ్గితే అందులోంచి కోత పడుతుంది. మొదట నిలిచినవాడికి పదిహేను వందలు అదనం. అయినా బలరాంను కాల్చేది కోత కాదు, కొబ్బరికాయ. ప్రతి నెలా ఒకటో తారీఖున సేటు ఇంటి ముందు ఆరు బండ్లనూ కడిగి, పసుపు కుంకుమలు పెట్టి, ఆంజనేయస్వామి పటం ముందు కాయ కొట్టిస్తారు. యావరేజ్‌లో మొదట వచ్చిన డ్రైవరే కొట్టాలి. ఏడేళ్లు ఆ కాయ బలరాం చేతిలోనే పగిలింది. శనివారం ఒక్కపొద్దు ఉండే మనిషి. తన భక్తికి మెచ్చి స్వామే ఆ మొదటి స్థానం ఇచ్చాడనుకున్నాడు. రెండేళ్లుగా, తండా నుంచి వచ్చిన గణేశ్ ముందుకు వచ్చి కాయ అందుకుంటుంటే, బలరాం వెనక వరుసలో చేతులు జోడించి నిలబడి అది కుళ్లిపోయి ఉంటే బాగుండునని కోరుకునేవాడు. కోరుకున్నందుకు వెంటనే చెంపలు వేసుకునేవాడు. స్వామికి డీజిల్ లెక్కతో ఏం పని అని ఒకటి రెండుసార్లు తోచింది గాని, ఓడినవాడి మాటలా ఉందని తోసేశాడు.

గణేశ్ బండి కూడా అదే షెడ్డులో ఉంది. చందూలాల్ దాని చక్రం దగ్గర నుంచి లేచి, అరిగిన బ్రేక్ ప్యాడ్‌ను బలరాం ముందు పెట్టాడు.

"చూడు బలరామన్నా, అప్పడం లెక్క అయింది. ఏడాదిల మూడో జత. దిగుడంత న్యూట్రల్ల ఇడిసి బ్రేకు మీద నిలబడుతడు."

"డీజిల్ మిగులుతది కద" అన్నాడు బలరాం.

"ఏం మిగులుతదన్నా? గిప్పటి బండ్లు గేర్ల ఉండంగ రేసు మీదికెళ్లి కాలు తీస్తే డీజిలే గుంజయి. న్యూట్రల్ల అయితే ఇంజన్ ఆగకుండ జర జర గుంజుతనే ఉంటయి. పూరాగ మిగలాల్నంటే కీ బంద్ చెయ్యాలె. గట్ల చేసెటోడు ముందుగాల బతికుండాలె."

గణేశ్ చేసేది అదే. ఆ సంగతి బలరాంకు తెలుసు, ఎందుకంటే నేర్పింది తనే. కొత్తగా పనిలో చేరిన పిల్లవాడిని పక్కన కూర్చోబెట్టుకుని, దిగుడు రాగానే కీ బంద్ చేసి, "గిట్ల పోవాలె తమ్మీ, గాలి మీద" అని గర్వంగా చూపించాడు. ఆ తర్వాత ఒకనాడు ఒంటరిగా వస్తూ అలాగే దిగుతుంటే గొర్ల మంద అడ్డం వచ్చింది. బ్రేకు రెండుసార్లు పట్టి, ఇంజన్ బలం అందక మూడోసారి పెడల్ రాయిలా బిగుసుకుంది. స్టీరింగ్ తిరగలేదు. బండి పత్తి చేనులోకి దిగి ఆగింది. ఎవరికీ ఏమీ కాలేదు. బలరాం ఎవరికీ చెప్పలేదు. ఆనాటి నుంచి తను కీ బంద్ చేయడం మానేశాడు. గణేశ్‌కు మానమని చెప్పలేదు. మొదటి నెల సిగ్గుతో. ఆ నెల కాయ గణేశ్ కొట్టాడు. తర్వాత సిగ్గుతో కాదు.

మధ్యాహ్నం గణేశ్ వచ్చి తన బండి తీసుకున్నాడు. భూపాలపల్లిలో ఉన్న ఇంకో బండిని తెమ్మని సేటు చెప్పడంతో బలరాం ముందు సీట్లో ఎక్కాడు. స్టేషన్ ఘన్‌పూర్‌లో బండిని కిరాయికి మాట్లాడుకున్న లక్ష్మీనర్సమ్మ, ఆమె కూతురు స్వరూప ఎక్కారు. స్వరూప ఒళ్లో ఐదు నెలల పాప. కాన్పు తర్వాత మొదటిసారి భూపాలపల్లిలోని అత్తగారింటికి పోతున్నది.

భూపాలపల్లి దారిలోని చిట్యాల దాటాక రోడ్డు చెట్ల మధ్య నుంచి వాగు వంతెన వైపు దిగుతుంది. గణేశ్ గేరు తీసి, కీ తిప్పాడు. ఇంజన్ ఆగింది. టైర్ల చప్పుడొక్కటే మిగిలింది.

"ఏం బిడ్డా, సప్పుడు బందయింది. డీజిల్ అయిపోయిందా?" అంది వెనక నుంచి లక్ష్మీనర్సమ్మ.

"లేదవ్వా. గాలి మీద పోతున్నం" అని నవ్వాడు గణేశ్.

అది బలరాం నేర్పిన మాటే. కింద వంతెన మీదికి వడ్ల ట్రాక్టరొకటి మెల్లగా ఎక్కుతోంది. బండి వేగం పెరుగుతోంది. గణేశ్ ఒకసారి బ్రేకు తొక్కాడు. ఆ క్షణాన బలరాం లోపల ఒక ఆలోచన మెదిలింది. ఎవరికీ ఏమీ కావద్దు, బానెట్ కొంచెం సొట్టపడితే చాలు, సేటు ముందు వీడి పేరు పోతే చాలు. వెనక పాపకు వెక్కిళ్లు పట్టాయి. ఇంత నీచమైన లెక్క తన తలలో ఎప్పుడు పుట్టిందా అని బలరాం భయపడ్డాడు.

"గణేశ్, కీ ఎయ్యి. గేర్ల పెట్టు."

"ఎందుకన్నా? నా యావరేజ్ మీద కన్ను పడ్డదా?"

"పడ్డది. రెండేండ్ల సంది పడ్డది. ముందు కీ ఎయ్యి."

ఎగతాళికి అంత సూటిగా జవాబు వస్తుందని గణేశ్ అనుకోలేదు. తెల్లబోయి కీ తిప్పాడు, మూడో గేరు వేశాడు. ఇంజన్ గట్టిగా మూలిగి, వెనక్కి పట్టి లాగినట్టు బండి వేగం తగ్గించింది. ట్రాక్టర్ వెనక నెమ్మదిగా వంతెన దాటి, పక్కకు తీసి ఆగారు. గణేశ్ దిగాడు. వెనకే బలరాం దిగి గొర్ల మంద గురించి, రాయిలా బిగిసిన పెడల్ గురించి, పత్తి చేను గురించి మొత్తం చెప్పాడు.

"గది అయి ఎన్ని దినాలు?"

"రెండేండ్లు దాటె."

"రెండేండ్లు నేను గీ దిగుడు దిగుతుంటే చూసినవ్."

"చూసిన."

"నా పెండ్లాం మౌనికను, పిల్లలను ఎక్కిచ్చుకోని గూడ దిగిన గద అన్నా" అన్నాడు గణేశ్. మళ్లీ తనే అన్నాడు: "కీ బంద్ చెయ్యకపోతే నాకు గూడ పదహారే వస్తది. సేటు కోస్తడు. మిగిలిన నలుగురు గూడ నన్ను చూసే చేస్తున్నరు. వాళ్లకెవ్వరు చెప్తరు?"

బలరాం ఫోన్ తీశాడు. సేటు కూడా ఉన్న ఆ గ్రూపులోనే మైకు గుర్తు మీద వేలు పెట్టాడు.

"నేను బలరాంను. దిగుడుల కీ బంద్ చేసుడు గణేశ్‌కు నేర్పింది నేనే. బ్రేకు పట్టక నేను చేన్ల పడ్డ. కుళ్లుబుద్ధితోని దాసిపెట్టిన. తమ్ములాలా, ఎవ్వరు గట్ల దిగకుండ్రి. సేటూ, పదహారే వస్తది. కోస్తే కొయ్యి, మేమైతే కీ బంద్ చెయ్యం."

వేలు తీశాడు. గణేశ్ జేబులోని ఫోన్ మోగింది. ఎదురుగా నిలబడి విన్న మాటలనే గణేశ్ ఫోన్ చెవికి ఆనించుకుని, మొదటి నుంచి చివరి దాకా మళ్లీ విన్నాడు.