రెండు పడవలు తట్టి చూసినవాడు

పడవల్ని తనిఖీ చేసే ఆయన్ని రేవులో అందరూ సుత్తి మేస్త్రి అనేవారు. చేతిలో ఎప్పుడూ ప్లాస్టిక్ సుత్తి ఉంటుందని కొందరు, మాట మొదలుపెడితే ఆపడని కొందరు. ముప్పై ఏళ్లుగా ఆయన పని ఒక్కటే. అమ్మకానికి వచ్చిన తెరచాప పడవను అంగుళం అంగుళం తట్టి, చప్పుడు విని, కొనొచ్చో కొనకూడదో చెప్పడం. ఫైబర్ బాగుంటే సుత్తి టక్కుమంటుంది. లోపల నీరు చేరి కుళ్లితే తడిగుడ్డ మీద కొట్టినట్టుంటుంది. ఆ తేడా పట్టడానికి ఇప్పుడు యంత్రాలొచ్చాయి. ఆయన దగ్గరా ఒకటుంది, బ్యాటరీ అయిపోయి నాలుగేళ్లయింది. నా చెవి ఉండగా యంత్రమెందుకని ఆయన వాదన.

అసలు సంగతేమిటంటే, ఆ చెవి పోయి రెండేళ్లయింది. వయసులో ఉన్నప్పుడు ఫైబర్ కోసే రంపాల మధ్య బతికినందుకు దక్కిన ఫలం. గట్టిగా మాట్లాడితే కొంత వినపడేది, మిగతాది పెదాలు చూసి అల్లుకునేవాడు. ఈ మధ్య వాగుడు ఎక్కువైందీ అందుకే. తానే మాట్లాడుతుంటే ఎదుటివాళ్ల మాట వినే అవసరం రాదు కదా. సుత్తి చప్పుడు మాత్రం మంచిదీ చెడ్డదీ ఒకటే అయిపోయింది. ఎవరికీ చెప్పలేదు. చెబితే పని పోతుంది, పని పోతే తానెవరు? కంటికి కనిపించే బీటలతో, చేతికి తెలిసే అదురుతో నెట్టుకొస్తున్నాడు. దాన్ని మోసం అనకూడదు గానీ, మోసానికి దూరపు చుట్టమే.

అలాంటి రోజుల్లో ఆయన తమ్ముడూ మరదలూ ఇల్లు అమ్మేశారు. ఉద్యోగాలు అయిపోయాయి, పిల్లల్లేరు, ఇక పడవలోనే కాపురం, సముద్రం దాటి తిరగడమే అన్నారు. రెండు పడవలు చూసుకున్నారు. ఒకటి నలభై రెండు అడుగులది, వయసు ఆరేళ్లు. రెండు పడకగదులు, నిలబడి స్నానం చేసే వీలు, ఫ్రిజ్. రెండోది ఇరవై ఎనిమిది అడుగులది, తమ్ముడి కంటే పదేళ్లే చిన్నది. లోపల నిటారుగా నిలబడితే నెత్తి బొప్పి కడుతుంది. ఒకరు వంట చేస్తుంటే రెండోవారు పడుకోవాల్సిందే. తమ్ముడికి పెద్దదాని మీద మనసు. మరదలికి ఏదైనా ఒకటే, నీళ్లు లోపలికి రాకపోతే చాలు.

అన్నగారు పెద్దదాని అడుగున అరగంట పాకి, బయటికొచ్చి పెదవి విరిచాడు. గోడ చిటికెన వేలంత మందం కూడా లేదన్నాడు. పడవ ఒరిగిపోకుండా అడుగున ఉండే బరువును బోల్టులతో తగిలించారు, ఒక్క రాయికి గుద్దుకుంటే అవి కదిలిపోతాయన్నాడు. చిన్నదానికైతే గోడ బొటనవేలంత, బరువు పడవ ఒంట్లోనే కలిసిపోయి ఉంది. పిట్ట కొంచెం కూత ఘనం అన్నాడు. కొత్త ఒక వింత పాత ఒక రోత అనేవాళ్లు తుఫాను చూసి ఉండరన్నాడు. ఇందులో ఒక్క అబద్ధం లేదు, అదే వచ్చిన చిక్కు.

తర్వాత చిన్నదాని డెక్ తట్టాడు. ఆ కాలపు డెక్‌లో రెండు ఫైబర్ పొరల మధ్య బెండులాంటి తేలిక చెక్క ఉంటుంది. తెరచాప కొయ్యను నిలబెట్టే ఉక్కు తీగల పట్టీలు ఆ డెక్‌కే బిగించి ఉన్నాయి. ఎడమవైపు పట్టీ చుట్టూ ఆరేడు దెబ్బలు వేశాడు. మరదలు పక్కనే నిలబడి ఉంది. ఆయన ముందుకు జరిగి, డెక్ బాగుందని కాగితం మీద రాశాడు. తమ్ముడు పెద్ద పడవ వైపు ఒక్కసారి చూసి, అన్నయ్య చెప్పాక ఇంకేముందని నవ్వాడు.

బయల్దేరిన పదకొండో రోజున, తీరం కనపడని చోట, గాలివానలో ఆ పట్టీ కుళ్లిన చెక్కతో సహా ఊడొచ్చింది. కొయ్య విరిగి తమ్ముడి మీద పడింది. మరదలు రెండు రోజులు అతని శవం పక్కన కూర్చుని ఉంది. తర్వాత సరుకుల ఓడ ఒకటి చూసి ఆమెను ఎక్కించుకుంది. పడవ గోడలు చెక్కుచెదరలేదు, లోపలికి చుక్క నీరు రాలేదు.

నెల తర్వాత ఆమె బావగారి పనిగదికి వచ్చింది. సగానికి సగమైపోయింది మనిషి. రేవు అధికారి విచారణ జరుపుతున్నాడని, తనిఖీలో ఏదైనా అనుమానం తగిలిందా అని తనను అడిగాడని చెప్పింది. జవాబు రాసి సంచిలో పెట్టుకుందట, ఇంకా పంపలేదట.

"ఆ రోజు నాకు వినపడింది బావగారూ," అంది. "ఎడమవైపు తడుతుంటే చప్పుడు మెత్తగా మారింది. అడుగుదామనుకున్నాను. మీరు ముందుకెళ్లిపోయారు. అంత తెలిసినాయన పట్టించుకోలేదంటే ఏమీ లేదేమోలే అనుకుని నోరు మూసుకున్నాను. నేనడిగుంటే ఆయన బతికేవారు. అదే రాశాను."

ఆయన ఆమె పెదాల మీంచి చూపు తిప్పలేదు. ఒక్కమాట తప్పిపోకుండా అందింది. ఇప్పుడు ఊరుకుంటే చాలు. అయ్యో పాపం, నీ తప్పేముందమ్మా అని పైపైన ఓదార్చి పంపిస్తే, తప్పంతా ఆమె నెత్తినే ఉండిపోతుంది, ఆయన పేరు నిలబడుతుంది. ఆ ఆలోచన వచ్చినందుకు సిగ్గుతో చచ్చిపోయాడు.

"నాకు వినపడలేదమ్మా. రెండేళ్ల నుంచీ వినపడదు."

ఆమె ఏడవలేదు, కేకలు వేయలేదు. ఆయన ముఖంలోకే చూస్తూ, ఒక్కో మాటా విడివిడిగా అంది.

"మరి ఎందుకు తట్టారు?"

జవాబు ఆయనకు తెలుసు. సుత్తి పక్కన పెడితే తానెవరు? అది తమ్ముడి పెళ్లాం ముందు చెప్పుకునే జవాబు కాదు. తల దించుకున్నాడు. ఎత్తేసరికి ఆమె తలుపు దాకా వెళ్లి, గడియ మీద చేయి వేసి, ఆయనకు వినపడదన్నది మరిచి, అటు తిరిగే ఏదో చెబుతోంది. చిన్న మాట కాదు. భుజాలు కదులుతున్నాయి, మధ్యలో ఒకసారి ఆగి మళ్లీ మొదలుపెట్టింది. ఆ ఉత్తరం పంపుతానందో, చించేస్తానందో, తమ్ముడు చివర్లో అన్నయ్యను తలుచుకున్నాడని చెప్పిందో. మళ్లీ చెప్పమ్మా అని అడగడానికి ఆయనకు నోరు రాలేదు. ఆమె జవాబు కోసం కాసేపు నిలబడి, తలుపు తీసుకుని వెళ్లిపోయింది.