సంతకం కోసం ఆగినవి

ఆ ఆసుపత్రి అడుగు అంతస్తులో బట్టల విభాగానిది రెండు గదుల సంసారం. పెద్ద గదిలో నాలుగు ఉతికే యంత్రాలు, రెండు ఆరబెట్టే యంత్రాలు, దుప్పటిని ఒకవైపు మింగి మరోవైపు ముడతల్లేకుండా కక్కే ఇస్త్రీ యంత్రం ఒకటి ఉండేవి. చిన్న గదిలో ఆరు కుట్టు మిషన్లు, మనిషి హాయిగా పడుకోగలిగేంత కత్తిరింపు బల్ల. పెద్ద గది నురగక్కది. ఆమె అసలు పేరు హాజరు పట్టీకి తప్ప ఇంకెవరికీ అక్కర్లేదు. చిన్న గది కత్తెర మాస్టారిది. ఆయన నురగక్కకు స్వయానా అక్క మొగుడు. రెండు గదుల మధ్య తలుపు ఉందన్న మాటేగాని అది మూసి ఉండగా చూసినవాళ్లు లేరు. బావా మరదళ్ల ఎకసెక్కాలు పొద్దుటినుంచి సాయంత్రందాకా అందులోంచి అటూ ఇటూ ఎగురుతూనే ఉండేవి.

ఒక సోమవారం ఉదయం డైరెక్టరు గారు ఏదో సదస్సులో మూడు రోజులు కూర్చుని వచ్చి, రెండు గదులవాళ్లనూ కత్తిరింపు బల్ల చుట్టూ నిలబెట్టారు. ఆయన పక్కన కళ్లజోడు పెట్టుకున్న ఒక అమ్మాయి, చంకలో రంగురంగుల చీటీల కట్టలు.

"ఈ రోజునుంచి మనది ఎజైల్ పద్ధతి," అన్నారు డైరెక్టరు గారు.

"ఏ జైలంట మరదలా?" అని మాస్టారు చెవిలో ఊదాడు.

నురగక్క పెదవి కొరుక్కుంది. పక్కనున్న మడతల పిన్ని మాత్రం ఆపుకోలేక దగ్గు నటించింది. మడతల పిన్నికి ఇస్త్రీ యంత్రం దగ్గర పని. మాట తక్కువ, చేయి చురుకు.

చీటీల అమ్మాయి శిక్షణ ఇవ్వడానికి వచ్చింది. సాయంత్రానికల్లా ఆమెకు కోచమ్మ అని పేరు స్థిరపడింది. ఆమె చెప్పింది వినడానికి బాగానే ఉంది. ఎజైల్ అంటే చురుగ్గా పని చేయడమట, దానికి రకరకాల దారులున్నాయట. ఒకటి, రెండు వారాలకు సరిపడా పని మూట కట్టుకోవడం. మూట ముడి వేశాక మధ్యలో కొత్త పని దూర్చకూడదు. రెండు వారాలు కాగానే చేసింది వాడేవాళ్లకు చూపించి, వాళ్లేమంటారో విని, మళ్లీ మూట కట్టుకోవాలి. రెండోది గోడ. ప్రతి పనికీ ఒక చీటీ. చేయాల్సినవి, చేస్తున్నవి, ఆగినవి, అయిపోయినవి అని నాలుగు గళ్లు. చేతిలో ఉన్నది అయితేగాని కొత్త చీటీ ముట్టుకోకూడదు. ఏదైనా ఆగితే, ఎవరికోసం ఆగిందో దాని మీద రాయాలి.

"ఏది మీ పనికి నప్పుతుందో మీరే చూసుకోవాలండీ. ఒక్కో గదికి ఒక్కోటి అయినా తప్పులేదు," అంది కోచమ్మ.

"ఒక్కోటి ఏమిటమ్మా," డైరెక్టరు గారు చేయి అడ్డం పెట్టారు. "సంస్థ ఒకటి, పద్ధతీ ఒకటే. అందరికీ రెండు వారాల మూటే."

కోచమ్మ నోరు తెరిచి మళ్లీ మూసుకుంది. నురగక్కకు అది కంటపడింది.

"సార్, మధ్యలో ఎవరైనా రోగి దుప్పటి పాడుచేస్తే?" అని అడిగింది.

"ముందే ప్రణాళికలో పెట్టుకోండి."

"ఎవరు ఎప్పుడు వాంతి చేసుకుంటారో ముందే రాయించుకోవాలాండీ?"

బల్ల చుట్టూ నవ్వు పాకింది. డైరెక్టరు గారు మొహం గంటు పెట్టుకున్నారు. "చెప్పింది చెప్పినట్టు చేయండి. చాలు."

"చెప్పింది చెప్పినట్టేనా సార్?"

"అక్షరం పొల్లు పోకూడదు."

"అలాగేనండీ," అంది నురగక్క, ఎంతో వినయంగా. ఆ వినయం చూసి మాస్టారికి గుండె ఝల్లుమంది. ముప్పై ఏళ్లుగా ఎరిగున్నాడు ఆమెను. తన పెళ్లిలో చెప్పులు దాచి, వెతికి పెడతానని ఊరేగించి, చివరికి ఒకటే తెచ్చిచ్చినప్పుడు కూడా ఆమె మొహంలో ఇదే వినయం.

మధ్యాహ్నం కూర్చుని మూట కట్టింది. ఆపరేషను గది గుడ్డలు, వార్డుల దుప్పట్లు, రోగుల గౌన్లు, పసిపిల్లల చుట్టుగుడ్డలు, వాంతులూ రక్తాలతో సహా, ఎన్నొచ్చినా సరే అని రాసి అన్నీ మూటలో వేసింది. వార్డులకు సంబంధించినది ఒక్కటి వదల్లేదు. ఆఫీసుకు సంబంధించినది ఒక్కటి రాయలేదు. కోచమ్మ జాబితా పైనుంచి కిందికి చదివి, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివింది.

"పై అంతస్తు సోఫా తొడుగులు, సమావేశం గది కర్టెన్లు లేవే?"

"వచ్చే మూటలో చూద్దాంలేమ్మా. ఇందులో చోటేదీ?"

కోచమ్మ పుస్తకంలో ఏదో రాసుకుంటూ తల బాగా దించేసింది.

నాలుగో రోజు పదింటికి డైరెక్టరు గారి తెల్ల కోటు మీద కాఫీ ఒలికింది. పదకొండింటికి వేరే ఆసుపత్రి పెద్దలు చూడ్డానికి వస్తున్నారు. మామూలుగా అయితే అది అరగంట పని. ఆయన సహాయకుడు కోటు పట్టుకుని పరుగున దిగి వచ్చాడు. నురగక్క కోటును పైకెత్తి, వెలుతురులో చూసి, మరకను మెచ్చుకున్నట్టు తలాడించింది.

"మంచి చిక్కటి కాఫీ. చీటీ రాసి పెడతాను. వచ్చే మూటలో మొదటిది ఇదే."

"వచ్చే మూట ఎప్పుడక్కా?"

"పది రోజులు ఎంతలో గడుస్తాయి చెప్పు."

ఐదు నిమిషాల్లో డైరెక్టరు గారే దిగివచ్చారు. ఆవిరికి ఆయన అద్దాలు మసకబారాయి. "ఏమిటిది? ఒక్క కోటమ్మా."

"ఒక్కటేనండీ. కానీ మూట ముడి పడింది. మధ్యలో ఏదీ దూర్చకూడదు. అక్షరం పొల్లు పోకూడదని మీరే అన్నారు."

"నేను డైరెక్టర్ని."

"అందుకేనండీ భయం. మీ మాట మీ కోటుకోసమే తప్పారని రేపు నలుగురూ అనుకుంటే, మాకు తలవంపులు కదా." కోచమ్మ వైపు తిరిగింది. "ఏమ్మా, దూర్చవచ్చా?"

కోచమ్మ మింగలేక కక్కలేక అటు చూసి ఇటు చూసి, "పద్ధతి ప్రకారమైతే... కూడదండీ," అంది.

అప్పుడు మాస్టారికి జాలి కలిగింది. లేదా కలిగినట్టు కనిపించాడు. చిన్న గదిలోంచి ఉతికి ఇస్త్రీ చేసిన తెల్ల కోటు ఒకటి తెచ్చాడు. "కొలత సరిపోతుంది సార్. పిల్లల వార్డు డాక్టర్లకోసం నిన్ననే కుట్టాం." టైము లేక ఆయన గబగబా తొడుక్కుని లిఫ్టెక్కారు. జేబు మీద ఎలుగుబంటి బొమ్మ కుట్టి ఉందని, దాని నోట్లో చిన్న థర్మామీటరు కూడా ఉందని ఆయనకు తెలిసేసరికి అతిథులు చేతులు కలుపుతున్నారు. వాళ్లలో ఒక పెద్దావిడ ఆ ఎలుగుబంటిని తట్టి, మీ ఆసుపత్రిలో డైరెక్టరు కూడా పిల్లలను చూస్తారన్నమాట, చాలా సంతోషం, అందట. సహాయకుడు ఈ సంగతి మోసుకొచ్చినప్పుడు ఇస్త్రీ యంత్రం దగ్గర పని పావుగంట ఆగిపోయింది.

మర్నాడు డైరెక్టరు గారు మళ్లీ దిగారు. ఈసారి కుర్చీ అడిగి కూర్చున్నారు. "సరే. మీకేం కావాలో చెప్పండి."

నురగక్క అప్పటిదాకా ఉన్న ఆట మానేసి, తడి చేతులు తుడుచుకుని చెప్పింది. "మా గదికి పని వానలా వస్తుంది సార్. ఎప్పుడు ఎంత అని అడగడానికి లేదు. మాకు గోడే మంచిది. వచ్చింది వచ్చినట్టు కనబడుతుంది. బావ వాళ్లకి మూటే మంచిది. వాళ్లు ఒకేసారి రెండొందల గౌన్లు కుడతారు. పోయినసారి ఏమైందో తెలుసుగా?"

తెలుసు. రెండొందలూ కుట్టి ఇచ్చాక, కట్టుకునే తాళ్ల ముళ్లు వీపు మధ్యలో ఉన్నాయని, పడుకున్న రోగికి గుచ్చుకుంటున్నాయని నర్సులు తిప్పి పంపారు. మాస్టారు మూడు వారాలు విప్పుతూ కూర్చున్నాడు. ఇప్పుడు ముందు పది కుట్టి ఒక వార్డుకు ఇచ్చి, నర్సులు తొడిగి చూశాక మిగతావి కుడతానన్నాడు. డైరెక్టరు గారు ఒప్పుకున్నారు. కోచమ్మ తన చంకలోని పసుపు చీటీల కట్ట తీసి నురగక్క చేతిలో పెట్టింది.

పెద్ద గదిలో ఒక బోర్డు మీద గోడ మొదలైంది. మూడో రోజుకల్లా నురగక్క ఒక సంగతి కనిపెట్టింది. 'ఆగినవి' అన్న గడిలో ఒకే పేరు మళ్లీ మళ్లీ పడుతోంది. మూడో యంత్రానికి బెల్టు: పెద్దాయన సంతకం. సబ్బు పొడి: పెద్దాయన సంతకం. ట్రాలీ చక్రం, పెద్దాయన సంతకం. గుండీలకు కూడా. పెద్దాయనంటే డైరెక్టరు గారే. ఆమె కడుపులో చక్కిలిగిలి పుట్టింది. సాయంత్రం చీటీలు ఆవిరికి ఊడిపోతున్నాయన్న వంకతో బోర్డును తీయించి, బయట వరండాలో సరిగ్గా లిఫ్టు ఎదురుగా తగిలించింది. ఆ లిఫ్టు నెమ్మదికి పెట్టింది పేరు. ఎదురుచూసేవాళ్లు చదవడానికి ఏదైనా దొరికితే వదలరు. వారం తిరిగేసరికి మందుల గదివాళ్లు, ల్యాబువాళ్లు, అంబులెన్సు డ్రైవర్లు అందరికీ బెల్టు సంగతి తెలుసు. "ఇవాళైనా పడిందా సంతకం?" అని పలకరించుకోవడం మొదలెట్టారు.

పన్నెండో రోజున డైరెక్టరు గారు అడుగు అంతస్తులోనే కారు దిగి లిఫ్టు ముందు నిలబడ్డారు. నురగక్క తలుపు సందులోంచి చూస్తోంది. వెనక మాస్టారు మెడ చాచాడు. డైరెక్టరు గారు 'ఆగినవి' గడి మొత్తం చదివారు. వేలితో లెక్కపెట్టారు. ఏడు.

"ఇవన్నీ నా దగ్గరున్నాయా?" అన్నారు, వాళ్లు చాటుగా ఉన్నారని తెలిసినట్టే.

నురగక్క బయటికొచ్చింది. "ఉన్నాయండీ. పెద్దపెద్ద కాగితాల కింద చిన్నవి నలిగిపోతాయి పాపం."

ఆయన మొహం ఎర్రబడింది. మరుక్షణం వేలు కొంచెం కిందికి జరిగింది. "మరి ఇవి?"

నురగక్క చూసింది. అదే గడిలో, అడుగున, పసుపు చీటీలు. 'ఆపరేషను గది కట్టలు: అక్క చూడాలి.' 'పిల్లల వార్డు కట్టలు: అక్క చూడాలి.' ఒకదాని పక్కన ఒకటి, పదకొండు. పన్నెండు రోజులుగా ఆమె కళ్లు ఆ గడిలో పై సగం దాటి కిందికి దిగలేదు. తన చేతి మీదుగా వెళ్లందే ఉతికిన ఏ బట్టల కట్టా పైకి పోకూడదని తొమ్మిదేళ్ల కింద తనే పెట్టిన నియమం. పెట్టాక దాని గురించి మళ్లీ ఆలోచించలేదు.

"ఎవరు రాశారివి?" అంది నురగక్క.

మడతల పిన్ని ముందుకొచ్చింది. "నేనే అక్కా. ఎవరికోసం ఆగిందో రాయమన్నారుగా."

"నాతో చెప్పొచ్చుగా."

"నాలుగేళ్లుగా చెప్తున్నా. నువ్వు 'ఆగవే, వస్తున్నా' అంటావు."

మాస్టారు కత్తెర పదును పరీక్షించడంలో మునిగిపోయాడు. భుజాలు మాత్రం ఊగుతున్నాయి. నురగక్కకు చెవులదాకా వేడెక్కింది. ఇన్నాళ్లూ నవ్వును ఇతరుల మీదికి తిప్పిన ఆమెకు, అది తన మీదికి తిరిగేసరికి ఎక్కడ నిలబడాలో తెలియలేదు. డైరెక్టరు గారు చాలా రోజుల తర్వాత నవ్వారు. అందులో కక్ష లేదు. తోడు దొరికినవాడి నవ్వు అది.

"నావి ఏడు, మీవి పదకొండు," అన్నారు. "చిన్న సామాన్ల సంతకం మాస్టారికి వదిలేస్తాను. మీరేం వదులుతారు?"

నురగక్కకు బట్టలో ఒక సూది మిగిలిపోయి రోగికి గుచ్చుకున్న రోజు గుర్తొచ్చింది. ఆ రోజు తర్వాతే పెట్టింది ఆ నియమం. ఆ సంగతి చెప్పింది. ఎవరూ నవ్వలేదు. "అయితే ఎలా చూడాలో నాకు నేర్పు," అంది మడతల పిన్ని. "నా కళ్లేం పోయాయి?"

రెండు రోజులు పక్కన కూర్చోబెట్టుకుని నేర్పింది. మూడో రోజు కట్టలు నురగక్కను అడక్కుండానే పైకెళ్లాయి. ఆ రోజంతా ఆమెకు కాలు నిలవలేదు. రెండుసార్లు దొంగతనంగా ట్రాలీ ఆపి కట్ట విప్పి చూసింది. రెండుసార్లూ మడత తన మడతకన్నా చక్కగా ఉంది. మూడోసారి విప్పబోతుంటే మాస్టారు తలుపులోంచి, "మరదలా, దాని మీద ఒక చీటీ పెట్టనా?" అన్నాడు. చేతికందిన తడి తువ్వాలు ఆయన మీదికి విసిరింది.

నెల తిరిగాక డైరెక్టరు గారు ఆమెను పైకి పిలిచి, రికార్డు గదివాళ్లకు ఏ పద్ధతి బాగుంటుందో చూసి చెప్పమన్నారు. కోచమ్మ అప్పటికి ఇంకో సంస్థకు వెళ్లిపోయింది. నురగక్క పొడి చీర కట్టుకుని వెళ్లింది. నేలనుంచి కప్పుదాకా ఫైళ్లు, మధ్యలో ఒక నిచ్చెన, నిచ్చెన కింద చెమటలు కక్కుతున్న రికార్డు కీపరు.

"మీ బోర్డు గురించి విన్నానండీ," అన్నాడు ఆయన దిగులుగా. "ఎక్కడ తగిలించమంటారు?"

"ఏ బోర్డూ వద్దు. ముందు నాకో కుర్చీ ఇవ్వండి."

రెండు గంటలు కూర్చుంది. ఆయన పని చేయడం చూస్తూనే ఉంది. ఆయనకు తెగ ఇబ్బందిగా ఉంది. కాగితాలు సర్దాడు, సర్దినవి మళ్లీ సర్దాడు. చివరికి ఉండబట్టలేక, "ఏమీ చెప్పరేంటండీ?" అన్నాడు.

"ఎముకల వార్డు ఫైలుకోసం మూడుసార్లు ఎక్కారు ఆ నిచ్చెన. ఎందుకని?"

ఆయన చుట్టూ చూశాడు. తలుపు దగ్గరగా వేశాడు. ఎన్నాళ్లుగానో ఎవరూ అడగని సంగతి అది. నిచ్చెన కింది మెట్టు మీద కూర్చుని, గొంతు తగ్గించి, మొదటినుంచి చెప్పడం మొదలుపెట్టాడు. ఇద్దరికీ భోజనం వేళ దాటిపోయింది.