నోట్లో సూదులు, మొహాన నవ్వు

ఇరవై రెండేళ్లుగా నోట్లో గుండుసూదులు పెట్టుకుని బతుకుతున్నవాణ్ణి పట్టుకుని "పళ్లు కనబడేలా నవ్వండి" అంటే ఒళ్లు మండదా? మా బట్టల షోరూములో నేను ఆల్టరేషన్ టైలర్ని. కొన్న బట్టలు తొడుక్కుని ట్రయల్ రూములోంచి బయటికొచ్చినవాళ్ల ముందు మోకాళ్ల మీద కూర్చుని, ఎక్కడ పొడవో, ఎక్కడ వదులో చూసి సూదులు గుచ్చుతాను. రెండు చేతులకీ పని ఉంటుంది కాబట్టి సూదులు పెదాల మధ్య ఉంటాయి. మూతి బిగించి ఉంటుంది కాబట్టి మొహం చిటపటలాడుతున్నట్టు కనిపిస్తుంది. లోపల కూడా కొంచెం చిటపటలాడుతూనే ఉంటాననుకోండి, అది వేరే సంగతి.

కొత్త మేనేజరు మాకు శిక్షణ ఇప్పించడానికి ఒకావిడను తీసుకొచ్చాడు. మొదటిరోజే అందరం కలిసి ఆవిడకి నవ్వుల మేడమ్ అని పేరు పెట్టేశాం. ఆవిడ గోడకి ఐదు సూత్రాలు అంటించింది. పళ్లు కనబడేలా నవ్వాలి, కళ్లలోకి చూడాలి, చేతులు కట్టుకోకూడదు, తల ఊపాలి, ముందుకి వంగి వినాలి. ఒక్కోదానికి రెండు మార్కులు. శుక్రవారం పరీక్ష. పదికి ఆరు రాకపోతే కస్టమర్ల ముందు ఉండకూడదట.

"మీరైతే సెల్లార్లో కూర్చుని బొత్తాలు కుట్టుకోవచ్చు" అన్నాడు మేనేజరు, వరమిస్తున్నట్టు.

కిటికీ లేని గది అది. మనిషి మొహం కనబడదు. మనిషిని చూడకుండా బట్ట సరిచేయడం నాకు చేతకాదు.

ఏం చేస్తాం, పొద్దున్నే అద్దం ముందు నవ్వడం మొదలుపెట్టాను. మా అత్తగారు తొంగిచూసి "అల్లుడుగారికి పన్ను పోటులా ఉందే, ఒక లవంగం ఇవ్వు" అని కేకేసింది. మా ఆవిడ వచ్చి చూసి "ఆ నవ్వు నాకు మాత్రం చూపించకండి బాబూ, రోజంతా గుర్తొస్తుంది" అంది.

షాపులో మరీ ఘోరం. ఒకాయన ప్యాంటు అంచు మడుస్తూ నవ్వాను. సూది జారి ఆయన బూటులో పడింది. ఆయన గెంతిన గెంతుకి పక్కనున్న ప్లాస్టిక్ బొమ్మ కూలింది. ఇంకొకాయన కళ్లలోకి చూస్తూ సుద్దగీత గీశాను. ప్యాంటు ఒక కాలు మడమ దాకా, ఇంకో కాలు పిక్క దాకా తేలింది. చేతిలో కత్తెరతో ముందుకి వంగి, తల ఊపుతూ పళ్లు చూపించేసరికి ఒక పెద్దావిడ "వదులుగా ఉన్నా పర్లేదులే నాయనా" అంటూ వడివడిగా వెళ్లిపోయింది.

శుక్రవారం రానే వచ్చింది. నన్ను పరీక్షించడానికి నవ్వుల మేడమే కస్టమరుగా వచ్చింది. చేతిలో మార్కుల కాగితం, ఒంటిమీద మా షాపులో కొన్న కొత్త కోటు. సోమవారం ఇంకేదో పెద్ద కంపెనీలో ఆవిడకి ఇంటర్వ్యూ ఉందట. భుజాలు విరిచి, పళ్లన్నీ చూపిస్తూ నా ముందు నిలబడింది.

సూదులు నోట్లో పెట్టుకుంటే మార్కులు పోతాయి. పెట్టుకోకపోతే కోటు పోతుంది. ఛీ, మధ్యలో కోటేం పాపం చేసిందని సూదులే పెట్టుకున్నాను.

తీరా చూస్తే ఆవిడ భుజాలు భుజాల చోట లేవు, చెవుల దగ్గరున్నాయి. ఆ కొలతకి కుడితే, ఇంటర్వ్యూలో కుర్చీలో కూర్చోగానే కోటు మెడమీదికెక్కుతుంది.

"మామూలుగా నిలబడండి" అన్నాను సూదుల సందులోంచి.

"మామూలుగానే ఉన్నానండీ."

అందరూ అదే అంటారు. దానికి నా దగ్గరొక చిట్కా ఉంది. వెనక్కి వెళ్లి, టేపు సిద్ధంగా పట్టుకుని, మెల్లగా అడిగాను: "ఏమైనా తిన్నారా?"

ఎంతటివాళ్లయినా ఆ మాటకి ఒకసారి ఊపిరి వదులుతారు. ఆవిడా వదిలింది. భుజాలు రెండు వేళ్లు కిందికి దిగాయి. వాటితోపాటు నవ్వూ దిగిపోయింది.

"పొద్దున్నుంచీ ఏమీ లేదండీ. దవడలు పీకేస్తున్నాయి, నమలాలంటేనే భయం" అంది.

పాపం అనిపించింది. చటుక్కున సూది గుచ్చాను, కోటుకే. "కదలకండి" అన్నాను. పావుగంటలో కోటు భుజాలూ, చేతులూ, నడుమూ సరిచూసి సూదులు గుచ్చేశాను.

పనయ్యాక ఆవిడ స్టూలు మీద కూలబడి, నేనిచ్చిన బిస్కెట్లు టీలో నానబెట్టుకుని తింటూ మార్కులు వేసింది. నవ్వు, సున్నా. కళ్లలోకి చూడటం, సున్నా. తల ఊపడం, సున్నా. చేతులు కట్టుకోలేదు కాబట్టి రెండు. ముందుకి వంగాను కాబట్టి రెండు.

"నాలుగేనండీ" అంది జాలిగా.

"వేసుకోండి" అన్నాను. బొత్తాల డబ్బా వెతుక్కోవడం మొదలుపెట్టాను.

సాయంత్రం మేనేజరు ఆ కాగితం పట్టుకుని వచ్చాడు. అప్పుడు నేను ఒకాయన ప్యాంటు అంచు పట్టుకుని మోకాళ్ల మీద ఉన్నాను, నోట్లో నాలుగు సూదులు.

"నాలుగొచ్చాయి" అన్నాడు. "కింద ఇంకేదో రాసింది, వినండి. 'ఈ వారం మొత్తంలో నేను హాయిగా నిలబడింది ఈయన ముందున్న పావుగంటే. ఈయన్ని సెల్లార్లోకి పంపితే నా పాఠం నాకే అర్థం కానట్టు.'" ఒక నిట్టూర్పు విడిచి "ఇక్కడే ఉండండి. అన్నట్టు, గోడకి ఆరో సూత్రం అంటించమంది. వచ్చినవాళ్లని తిన్నారా అని అడగాలట" అన్నాడు.

ఏదో అనబోయాను. సూదులు నాలుగూ జలజలా రాలి కస్టమరు బూట్లో పడ్డాయి. ఆయన గెంతుతుంటే కంగారుగా తలెత్తాను. ఎదురుగా అద్దంలో నా పళ్లన్నీ బయటే ఉన్నాయి.