ధైర్యం పుస్తకానికి పథ్యం

అరకు సంతలో దైవాధీనం ఒక్కడే అరవడు. టార్పాలిన్ పరిచి, గోనెసంచుల్లోంచి పాత పుస్తకాలు తీసి, తడిగుడ్డతో అట్టలు తుడుస్తూ కూర్చుంటాడు. పక్కన ఎండుమిరపకాయలు అమ్మే రాజులమ్మ గొంతు రైలుకట్ట దాకా వినిపిస్తుంది. అవతల అల్లంవాళ్లు, ఇవతల ఎండుచేపలవాళ్లు. నడుమ ఈయన, బక్కపలచటి మనిషి, చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకుని. కొనేవాడు తనంతట తాను వంగి చూస్తే చూశాడు, లేకపోతే లేదు. అదేం వ్యాపారమో ఏమో!

"ఓ పాస్టరు బాబూ, నోట్లో ఏటైనా ఎట్టుకున్నావేటి? ఓ కేకెయ్యొచ్చు కదా!" అంటుంది రాజులమ్మ వారం వారం.

పాస్టరు అన్నది ఎగతాళి. పడుచుతనంలో నిజంగానే పాస్టరు కావలసినవాడు. మొదటి ప్రసంగానికి లేచి నిలబడ్డాడు, సంఘమంతా ఎదురుచూసింది, నోరు పెగల్లేదు. ముందువరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. దిగి వచ్చేశాడు. ఆ తర్వాత పెళ్లి కుదరలేదు, ఉద్యోగం కుదరలేదు. పాత పుస్తకాలు మాత్రం కుదిరాయి. విశాఖలో కొనడం, సంతరోజు పొద్దుటి రైల్లో కొండెక్కడం, సాయంత్రం బండికి దిగిపోవడం. బతుకంతా అంతే.

ఈ వారం, మంచు విడిచాక, ఒకామె వచ్చి ఎదురుగా చతికిలబడింది. హుకుంపేట అవతలి కొండవాలు మనిషి, పేరు కనక. వెనక పదిహేనేళ్ల కూతురు రమణి, తల్లి కొంగు చాటున తలొంచుకుని నిలబడింది.

"బాబూ, దైర్యమొచ్చే పుస్తకం ఉందా? మా గుంటకి. హాస్టల్లో దీని మాటకి అందరూ నవ్వుతన్నారంట. మాది ఒడియా కలిసిన తెలుగు కదా. సెలవలకొచ్చి మరెల్లలేదు. నేస్తులు లేరు, ఇంటికాడా మూగే. సోమారం రాకపోతే పేరు కొట్టేత్తామన్నారు."

ఉందన్నట్టు తలూపాడు దైవాధీనం.

"ఎన్నాళ్లు వాడాల? పరగడుపునా, తిన్నాకా? నీసు మానీయాలా?"

కొండమీద వైద్యం చేసే గురువు ఏ వేరిచ్చినా పథ్యం చెప్తాడు. పథ్యం లేని మందు పనిచెయ్యదని కనక నమ్మకం. దైవాధీనం నవ్వలేదు. ఒక నవ్వు మనిషిని ఏం చేస్తుందో ఆయనకు బాగా తెలుసు.

ఆత్మవిశ్వాసం పుస్తకాలు తిరగేశాడు. అట్టలమీద కోటువాళ్లు పిడికిళ్లు బిగించి ఉన్నారు. ఒకటి అద్దం ముందు నిలబడమంది, ఇంకొకటి కనబడినవాళ్లందరికీ కరచాలనం చెయ్యమంది. విసుగొచ్చి పక్కన పడేశాడు. అడుగునుంచి ఒక బొమ్మల కథల పుస్తకం లాగాడు. కోడిని ఎత్తుకుపోయిన పులిని ఒక ముసలమ్మ అడవంతా తరిమి తరిమి తిట్టే కథ.

"నీసు తినొచ్చమ్మా. గట్టిగా చదవాలి, అదే పథ్యం. ఇక్కడే చదవమను. ఈ గోలలో ఎవరికీ వినపడదు." అంత పొడుగు మాట ఆయన ఈమధ్య ఎవరితోనూ ఆడలేదు.

కనక పసుపు అమ్ముకోవడానికి పోయింది. రమణి గోనెమీద కూర్చుంది. పెదాలు కదిలాయి. చాలాసేపు పెదాలే. తర్వాత గొణుగుడు. సంత గోల నిజంగానే దాన్ని మింగేసింది, దాంతో పిల్లకు కాస్త ఊపిరాడింది. ముసలమ్మ తిట్ల దగ్గరికొచ్చేసరికి గొంతు లేచింది.

"ఏటేటి? పులినేటంది?" రాజులమ్మ తూకం ఆపేసింది. "సరిగా ఇనబడ్డం లేదు గుంటా. ఇదిగో, దీనిమీదెక్కి సదువు!" అని ఖాళీ టమాటా పెట్టె బోర్లించింది.

రమణి దైవాధీనం వైపు చూసింది. ఆయన పెట్టెకేసి చూశాడు. దేవుడా, నోరు పెగలకపోతే? ఈ పిల్ల కూడా నాలాగే దిగి పోతే? అయినా చెయ్యి అందించాడు.

ఎక్కింది. చదివింది. అల్లంవాళ్లు తిరిగి చూశారు. అందులో ఒకడు పకపకా నవ్వాడు. పిల్ల ఆగిపోయింది, ముఖం మాడిపోయింది. అయిపోయిందిరా అనుకున్నాడు దైవాధీనం.

"ఆగిపోయావేటమ్మా? ఆ దొంగ పులిని ఒగ్గీకు!" అని అరిచాడు ఆ నవ్వినవాడే, కళ్లు తుడుచుకుంటూ.

నవ్వింది తనను చూసి కాదు! రమణి పుస్తకం మూసేసింది. అచ్చులో ఉన్న తిట్లు చాలలేదు కాబోలు, ఇంటికాడ అమ్మమ్మ తిట్టే తిట్లు అందుకుంది. హాస్టల్లో ఏ మాటలకు నవ్వారో ఆ మాటల్లోనే. పులి పరువు నిలువునా పోయింది. సంత విరగబడి నవ్వింది. పరుగున వచ్చిన కనక పసుపు మూటతో నోరు తెరుచుకుని నిలబడింది. దైవాధీనం ఏడుస్తున్నాడు, సిగ్గులేకుండా.

బయల్దేరుతూ కనక మళ్లీ "ఇంకా ఎన్నాళ్లు బాబూ..." అనబోతే రమణే అందుకుంది. "సోమారం ఎల్తానమ్మా. నవ్వితే నవ్వనీ, ఆళ్లకీ రెండు కథలు సెప్తాను." జీపెక్కుతూ కూడా ఏదో చెప్తూనే ఉంది. "ఈ గుంట నోరు మూతపడదేటి?" అన్నాడు జీపువాడు. అదీ ఈ పిల్లని!

సంత పలచబడింది. దైవాధీనం సంచులు కట్టి భుజానికెత్తుకోబోయి, మళ్లీ దించాడు. అటూ ఇటూ చూసి పెట్టె ఎక్కాడు.

"పుస్తకాలోయ్! పుస్తకాలు!"

బొంగురు కేక, చివర విరిగింది. అయినా కేకే! రాజులమ్మ చేతిలో మిరపకాయలు ఒలికిపోయాయి. ఎండుచేపల దగ్గర కుక్క లేచి మొరిగింది. కొనడానికి ఎవరూ రాలేదు. రాకపోతే పోనీ. ఇంకోసారి మరింత గట్టిగా అరిచి, దిగి, తనలో తాను నవ్వుకుంటూ స్టేషనుకు పోయాడు.

రాజులమ్మ కూడా పోయాక, ఖాళీ మైదానంలో ఆ పెట్టె ఒక్కటే బోర్లా పడి ఉంది. దానిమీద ఎర్రమట్టితో చిన్న పాదాలు రెండు, వాటిని ఆనుకుని పెద్ద చెప్పుల అచ్చులు రెండు.