గుండీల చెక్క

ఆ గదిలో నన్ను చూసి నవ్విన మనిషి ఒక్కరూ లేరు. ఫిజియోథెరపీ అంటే నొప్పి తగ్గించి దండాలు పెట్టించుకునే పని అనుకుని చూడ్డానికి వచ్చాను. రెండు వారాలు మూల స్టూలు మీద కూర్చున్నాక అర్థమైంది, ఇక్కడికి అందరూ తిట్టడానికే వస్తారు. భుజం పట్టేసిన డ్రైవరు తిడతాడు. మోకాలు మార్పించుకున్న టీచరమ్మ తిడుతుంది. వాళ్ళు అలిసిపోతే వ్యాయామాలు చేయించే మేడం అందుకుంటుంది, నన్ను.

ఈ చదువులో చేరతానో లేదో ఆ సాయంత్రమే నాన్నకు చెప్పాలి. "నీకు కోపం ముక్కు మీదే ఉంటుంది. రోగుల దగ్గర నువ్వేం నిలబడతావు?" అని ఆయన ముందే తేల్చేశాడు. ఆయన మాట అబద్ధం చేయాలన్న పంతం తప్ప అప్పటికి నా దగ్గర వేరే కారణం మిగల్లేదు.

ఆ పొద్దున దర్జీ పెద్దమ్మ వచ్చింది. పక్షవాతంతో ఆవిడ కుడిచెయ్యి పడిపోయింది. భుజం, మోచెయ్యి కదులుతున్నాయి గానీ వేళ్ళు మాట వినడం లేదు. బాగున్న ఎడమచేత్తోనే అన్నీ కానిచ్చేస్తోందని మేడం ఆ చేతికి దూది సంచి తొడిగి కట్టేసింది. ఎదురుగా గుండీల చెక్క పెట్టింది. చెక్కకు బిగించిన గుడ్డ మీద పెద్ద పెద్ద గుండీలు, వాటికి కాజాలు. కుడిచేత్తో ఒక్క గుండీ పెడితే చాలు.

"ఈ కాజాలు కుట్టిందెవరే? చేతులు విరగ్గొట్టాలి," అంది పెద్దమ్మ. "నా దగ్గర పని నేర్చుకునే పిల్లలు కూడా ఇంత దరిద్రంగా కుట్టరు."

"పెట్టండి పెద్దమ్మా," అన్నాను పక్కన కూర్చుని.

"నీకేం, కూర్చుని చెబుతావు."

గుండీ వేళ్ళ మధ్య నుంచి జారిపోతూనే ఉంది. ఆవిడ పై పెదవి మీద చెమట చూసి నేనుండలేకపోయాను. మేడం అటు తిరగ్గానే వేలితో గుండీని కాజాలోకి తోసేశాను.

మేడం చూడనే చూసింది. వచ్చి ఆ గుండీ ఊడదీసింది. "నీ వేళ్ళు పనిచేస్తున్నాయని ఆవిడకి తెలుసు, చూపించక్కర్లేదు. ఇంకోసారి ముట్టుకున్నావంటే రేపట్నుంచి రావద్దు."

"బాగా అయింది," అని నవ్వింది పెద్దమ్మ.

సాయం చేసింది ఆవిడకే. నాకు ఒళ్ళు మండిపోయింది. అంతలో ఆవిడ మోచేత్తో చెక్కను నేల మీదికి తోసేసింది. దాన్ని తీయడానికి వంగుతూ అనకూడని మాట అనేశాను.

"చేతకాదని ఒప్పుకోండి, ఆ సంచి విప్పేస్తాను. ఇంటికెళ్ళి మిషను అమ్మేసుకోండి."

ఒక్కసారిగా తల వెనక్కి లాగేసినట్టయింది. తన ఒళ్ళోకి జారిన నా జడను ఆవిడ పట్టుకుని గుంజింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తిట్టబోతూ చూశాను. జడ ఆవిడ కుడిచేతిలో ఉంది.

ఆవిడా అప్పుడే చూసుకుంది.

"వదలండి," అన్నాను.

"రావట్లేదే." ఆవిడ గొంతు తగ్గిపోయింది. "వదులుదామంటే వేళ్ళు రావట్లేదు."

విడిపించుకోబోతే మేడం దూరం నుంచే అంది, "తియ్యకు. పట్టుకుంది ఆవిడ, వదలాల్సింది కూడా ఆవిడే."

మెడ వంచుకుని అలాగే నిలబడ్డాను. ఆ క్షణాన ఆవిడంటే నాకు అసహ్యం. నేనంటే ఆవిడకి అంతకు రెట్టింపు. అయినా నా కళ్ళు ఆ వేళ్ళ మీంచి కదల్లేదు.

"ముందు చూపుడువేలు," అన్నాను.

"నోర్ముయ్," అంది, కానీ ప్రయత్నించింది. వేలు వణికింది, కొంచెం లేచింది. తర్వాత పక్కవేలు. చిటికెనవేలు చాలాసేపు మొండికేసి, చివరికి అదీ విచ్చుకుంది. జడ జారి బయటికొచ్చింది. మాడు భగ్గుమంటోంది.

పెద్దమ్మ మొహం తిప్పేసుకుంది. "పోయి తల దువ్వుకో, దయ్యంలా ఉన్నావు."

నేను స్టూలు లాక్కుని ఆవిడకు ఎదురుగా కూర్చున్నాను. జడ తీసి ఆవిడ కుడి అరచేతిలో పెట్టాను.

"మళ్ళీ పట్టుకోండి," అన్నాను.