తిరుమలమ్మ హస్తవాసి

ఎడమ చంకలో కోడిని బిగించి, నోరు తెరిచి, తెల్లగడ్డా మిరియాలూ పసుపూ కలిపి నూరిన ఉండను బొటనవేలితో గొంతులోకి నెట్టింది తిరుమలమ్మ. తర్వాత కొప్పులోంచి ఈక తీసి, కోడి ముక్కు బెజ్జంలో దూర్చి చీమిడి లాగింది. ఈకను కొంగుకు తుడిచి మళ్లీ కొప్పులో పెట్టుకుంది.

"నీ చెయ్యి పడింది గదక్కా, సాలు," అంటూ ఎల్లప్ప భార్య ఆనందమ్మ దోసెడు రాగులు ఆమె ఒడిలో పోసింది.

ఐరాల పక్కనున్న ఆ పల్లెలో కోడి జబ్బుపడి తూగితే ముప్పై ఏళ్లుగా తిరుమలమ్మే దిక్కు. మొగుడు చనిపోయిన ఏడు మొదలుపెట్టింది. పెళ్లికి పిలవరు, విధవ. కోతకు పిలవరు, ముసలిది. కోడికి జబ్బు చేస్తే మాత్రం పరుగెత్తుకొస్తారు. ఆమె హస్తవాసి మంచిదంటారు. ఆ మాట కోసమే ఆమె బతుకుతున్నదన్నా అబద్ధం కాదు.

యుద్ధం ఆగిన మరుసటి ఏడు చలికాలంలో ఆ హస్తవాసి పనిచేయడం మానేసింది. కోళ్లు మెడలు మెలితిరిగి, పచ్చగా రెట్ట పారి, మూడో రోజుకు చస్తున్నాయి. తిరుమలమ్మ సొంత కోళ్లు ఏడూ పోయాయి. ఊరు మొత్తంలో నిక్షేపంగా తిరుగుతున్నవి రాఘవమ్మ కోళ్లు మాత్రమే. ఊరి నోటికి అంతకన్నా ఏం కావాలి? చేతబడి అన్నారు. ఒంటరిగా బతికే రాఘవమ్మ బావిలో బొక్కెన వేస్తే, మిగతా ఆడవాళ్లు కడవలు ఎత్తుకుని లేచిపోయారు.

తిరుమలమ్మకు రాఘవమ్మతో నాలుగేళ్లుగా మాటల్లేవు. తిరుమలమ్మ పెట్ట పోయి రాఘవమ్మ గడ్డివాములో గుడ్లు పెట్టింది. నా వాములో పెట్టినవి నావేనంది రాఘవమ్మ. ఆ రోజు నుంచి తిరుమలమ్మ ఆ గడప తొక్కలేదు. చేతబడి మాట వచ్చినప్పుడు ఈమె కూడా తల ఊపింది. అది దాచిపెడితే కథ చెప్పడం ఎందుకు?

ఆనందమ్మ కోడికి మందు వేసిన రోజే మధ్యాహ్నం చిత్తూరు పశువుల ఆసుపత్రి నుంచి దామోదరం అనే కాంపౌండరు సైకిలు మీద వచ్చి గోవిందయ్య అరుగు మీద కూర్చున్నాడు. చచ్చిన కోడిని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"మొదట ఎవురింట్లో పోయినాయి?"

"పడమటి కొసన, ఓబయ్య ఇంట్లో సామీ," అన్నాడు గోవిందయ్య.

"తర్వాత పక్కింట్లోనా?"

"కాదు, ఈ కొసన మా ఇంట్లో. ఆ తర్వాత మళ్లీ ఆ కొసకు పోయి నారాయణ ఇంట్లో."

"గాలికి వస్తే వరసగా పోతాది. దీన్ని ఎవురో మోస్తా ఉండారు. చేతులకు, గుడ్డలకు, కాళ్ల మట్టికి అంటుకుంటాది. కోళ్ల కోసరం ఇల్లిల్లూ తిరిగేవాళ్లు ఎవురన్నా ఉండారా?"

"ఎవురూ లేరు సామీ. కోళ్ల బేరగాడు గూడా ఈ నెల రాలేదు."

అరుగు కింద కూర్చున్న తిరుమలమ్మ వైపు ఒక్కరూ చూడలేదు. ఓబయ్య ఇల్లు, గోవిందయ్య ఇల్లు, నారాయణ ఇల్లు. ఎవరు పిలిస్తే వాళ్లింటికి తాను నడిచిన దారి అది. తాను తొక్కనిది ఒక్క గడపే. ఆమె రెండు చేతులూ కొంగు కింద దాచుకుంది. ఆ కొంగే ఈకను తుడిచిన కొంగని గుర్తొచ్చి మళ్లీ బయటికి తీసింది. ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"మోసేది ఎవురో మాకు తెలుసులే సామీ," అని గోవిందయ్య రాఘవమ్మ ఇంటివైపు గడ్డం ఎత్తి చూపాడు.

'నేనే' అనాలి. ఒక్క మాట. ముప్పై ఏళ్లుగా విన్న పొగడ్త ఆ మాటను బయటికి రానివ్వలేదు. కాంపౌండరు సైకిలెక్కి వెళ్లేదాకా ఆమె నేల చూపులు చూస్తూనే ఉంది. అంత సిగ్గు మొగుడు చేయి చేసుకున్న నాడు కూడా పడలేదు.

ఇంటికి పోయి ఈకను పొయ్యిలో వేసింది. చీర మార్చింది. బూడిదతో చేతులు తోమింది, తోలు మండేదాకా. పొద్దు వాలాక, చెప్పి తీరాలని రాఘవమ్మ ఇంటికి బయలుదేరింది. గడప దాకా పోకూడదు, వీధిలోనే నిలబడి చెప్పాలనుకుంది.

తలుపుకు గొళ్లెం పెట్టి ఉంది. దొడ్లో కోడి అలికిడి లేదు.

తిరిగొచ్చేసరికి ఆమె అరుగు మీద మూత వేసిన గంప ఉంది. ఆనందమ్మ దాని పక్కనే కూర్చుని ఉంది.

"రాఘవమ్మ పెట్టి పోయింది అక్కా. ఆదిమూలం బండిలో కాళాస్తిరికి, అన్న ఇంటికి. ఇంక రాదంట. నీ కోళ్లన్నీ పోయినాయని ఎవురో సెప్పినారంట. 'ఇది అక్క గుడ్లలో పుట్టిన పెట్టే, పొదుగు మీద ఉండాది, అక్కకే ఇచ్చెయ్' అనింది."

తిరుమలమ్మ వీధిలోనే ఆగిపోయింది.

"రోగం మోసింది నేనే ఆనందా. ఈ చేతుల్తోనే."

"ఊరుకో అక్కా. నీ చెయ్యి ఎంత మంచిదో మాకు తెలీదా? పెట్టను లోపల పెట్టుకో, మంచు పడతాది."

ఆనందమ్మ వెళ్లిపోయింది. తిరుమలమ్మ నాలుగడుగుల దూరంలో చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది. గంపలో పెట్ట పదకొండు గుడ్ల మీద కదిలి, సర్దుకుని, మళ్లీ కూర్చుంది.